జిప్ దగ్గర ఆగిపోయిన చెయ్యి

ప్రశ్న:

సిస్టర్ గారికి నమస్కారం. నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేశాను, పన్నెండేళ్ళ సర్వీసు ఉంది. మాది కోవూరు పక్కన పల్లె, డ్యూటీ నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. 2020లోనూ 2021లోనూ కోవిడ్ వార్డులోనే చేశాను. 2021 మేలో ఒక్క నైట్ డ్యూటీలో నలుగురు పోయారు. తర్వాత వార్డు మూసేశారు, అందరూ మామూలైపోయారు, నేనూ అయ్యాననుకున్నా. కానీ ఇంట్లో ఎసరు మరుగుతుంటే ఆ బుడబుడ చప్పుడు వినలేను, ఆక్సిజన్ బాటిల్లో నీళ్ళ చప్పుడే గుర్తొస్తుంది. అన్నం మా అత్తమ్మో మా ఆయనో వండుతున్నారు. నాకు నడుం నొప్పి అని చెప్పాను. మొన్న మా దగ్గర మాక్ డ్రిల్ పెట్టి పీపీఈ సూట్ వేసుకోమన్నారు. కాళ్ళు దూర్చాను, చేతులు దూర్చాను, జిప్ మెడ దాకా లాగబోతే చెయ్యి ఆగిపోయింది. ఒళ్ళంతా చెమట, గుండె దడ. బాత్రూంలోకి వెళ్ళి కూర్చున్నా. కొత్తగా చేరిన పిల్లలు చూశారు. నేను పిరికిదాన్నైపోయానా? మళ్ళీ అలాంటి జబ్బు వస్తే చెయ్యగలనా? ఇప్పుడే మానేస్తే పారిపోయినట్టా? నాకు ఇద్దరు పిల్లలు. అప్పట్లో నెల్లూరులో అద్దెకుంటే ఇంటి ఓనరు ఖాళీ చేయించాడు. మళ్ళీ ఆ గతి పట్టకుండా ఏం చేసుకోవాలో చెప్పండి.

– ఒక స్టాఫ్ నర్సు, నెల్లూరు జిల్లా

జవాబు:

ముందు ఆ నడుం నొప్పి సంగతి మాట్లాడుకుందాం తల్లీ. ఎసరు చప్పుడుకి భయమేస్తోందని చెప్పుకోలేక నడుం నొప్పి అన్నావు చూడు, నీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. నడుం నొప్పి అంటే ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు, బామ్ రాస్తారు, బరువులెత్తొద్దంటారు. మనసుకు దెబ్బ తగిలింది అంటే ఏమంటారో తెలియదు. ఎదుటివాళ్ళ నొప్పి గురించి రోజంతా అడుగుతూ తిరిగే మనకి మన నొప్పికి పేరు పెట్టుకోవడం చేతకాదు. నాకూ చేతకాలేదు.

నువ్వు పిరికిదానివి కాదు. ఈ మాట ఊరికే ఓదార్చడానికి అనడం లేదు, 34 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో చేసి ఒంగోలులో రిటైరైన దాన్ని, పిరికితనం ఎలా ఉంటుందో, దెబ్బ తిన్న మనసు ఎలా ఉంటుందో రెండూ చూశాను. నీకు జరిగింది ఏమిటో నా మాటల్లో చెప్తా విను. హ్యుమిడిఫయర్ బాటిల్లో బుడబుడ వినిపిస్తున్నంతసేపూ ఆక్సిజన్ వెళ్తున్నట్టు. అది సన్నగిల్లిందంటే పరిగెత్తాలి, లైన్లో ప్రెషర్ పడిపోయిందా, ట్యూబు ఊడిందా, సిలిండర్ అయిపోయిందా చూడాలి. వారాల తరబడి, రాత్రి పూట, ఏ మంచం దగ్గర ఏ పని చేస్తున్నా నీ చెవిని ఆ చప్పుడుకి కాపలా పెట్టావు. వార్డు మూసేశారు గానీ నీ చెవికి డ్యూటీ దిగమని ఎవరూ చెప్పలేదు. అది ఇంకా కాపలా కాస్తోంది, మీ వంటింట్లో ఎసరు దగ్గర. జిప్ మెడ దాకా వచ్చేసరికి చెయ్యి ఆగిందంటే ఆ జిప్ వేసుకున్నాక ఏం చూడాల్సి వచ్చిందో ఒంటికి గుర్తుందని అర్థం. ఉత్తరం చదివి రోగం పేరు చెప్పేయడం తప్పు, అది డాక్టరు నిన్ను కూర్చోబెట్టి మాట్లాడి చెప్పాలి. కానీ ఇలాంటి వాటికి పేరుంది, వైద్యం ఉంది, ఇన్నేళ్ళు గడిచాక మొదలుపెట్టినా పని చేసే వైద్యమే ఉంది.

నీ ఒక్కదానికే అయిందనుకోకు. 2003లో సార్స్ అనే అంటుజబ్బు వచ్చినప్పుడు కెనడాలో టొరంటో ఆస్పత్రుల్లో నర్సులు, డాక్టర్లు చాలామంది ఆ జబ్బు బారిన పడ్డారు. అంతా సద్దుమణిగాక ఏడాది, రెండేళ్ళకి అక్కడి సిబ్బందిని పరిశీలించారు. సార్స్ పేషెంట్లకు వైద్యం చేసిన ఆస్పత్రుల వాళ్ళలో అలసట, దిగులు, పాత సంఘటనలు వెంటాడటం మిగతా ఆస్పత్రుల వాళ్ళ కంటే ఎక్కువగా కనిపించాయి. అంటే జబ్బు పోయాక కూడా అది మనుషుల్ని వదల్లేదు. అందులోనే ఇంకో సంగతి తేలింది, నీకు చెప్పాలనుకున్నది అదే: తమకు సరైన శిక్షణ ఇచ్చారు, ఆస్పత్రి తమ వెనక నిలబడింది అనుకున్నవాళ్ళకి ఆ తర్వాత బాధ తక్కువ ఉంది. గుండె గట్టిదా మెత్తదా అన్న లెక్క కంటే వెనక ఎవరున్నారన్న లెక్కే పెద్దది.

ఇది నాకు పుస్తకం చెప్పకముందే తెలియాల్సింది. 1990ల్లో మా వార్డుకి మొదటిసారి హెచ్ఐవీ పేషెంటు వచ్చినప్పుడు ఐవీ లైన్ పెట్టడానికి నా చెయ్యి వణికింది. రెండు జతల గ్లౌజులు తొడుక్కున్నా వణికింది. మా సీనియర్ సిస్టర్ ఒకావిడ వచ్చి నా పక్కన నిలబడి, ట్రే తను పట్టుకుని, "నిదానంగా పెట్టు, నేనున్నా" అంది. అంతే. ఆవిడ లేకపోతే నేను మర్నాడే బదిలీకి అర్జీ పెట్టేదాన్ని.

2021 మేలో నేను ఆ సీనియర్ స్థానంలో ఉన్నా. కృష్ణపట్నంలో నాటు మందు కోసం జనం బారులు తీరిన రోజులవి, మా గేటు ముందు అంబులెన్సులు బారులు తీరాయి. ఇరవై మూడేళ్ళ పిల్ల ఒకతి, కాంట్రాక్టు మీద చేరి నెల కూడా కాలేదు, ఒక పెద్దాయన పోయాక డ్యూటీ రూములో గోడకి ఆనుకుని ఏడుస్తోంది. ఇంకా పన్నెండు మంది ఆక్సిజన్ సాచురేషన్లు చూడాలి, తర్వాతి డ్యూటీకి రావాల్సిన రిలీవర్ రాలేదు, నాకే కాళ్ళు నిలవడం లేదు. "ఏడవడానికి టైం కాదిది, లేచి గ్లౌజులు మార్చుకో" అన్నాను. లేచింది, మార్చుకుంది. ఆ తర్వాత రెండు నెలలు చేసింది, మళ్ళీ ఒక్కసారి కూడా ఏడవలేదు. అది ధైర్యం అనుకుని మురిసిపోయాను నేను. తర్వాత నర్సింగే మానేసింది, ఇప్పుడు చీరాలలో బట్టల కొట్లో లెక్కలు రాస్తోందట. ఆ రోజు రెండు నిమిషాలు పక్కన కూర్చుని ఉంటే ఏమయ్యేదో తెలియదు. కూర్చోవలసింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. దర్గామిట్టలో పెద్దాసుపత్రికి వెళ్ళు, మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. పనిచేసే ఊళ్ళో తెలిసినవాళ్ళు చూస్తారని మొహమాటమైతే ఒంగోలు రా, ఇక్కడి జీజీహెచ్‌లోనూ ఉంది. అదీ కుదరకపోతే ముందు 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకో: ఏ చప్పుళ్ళకి, ఏ వాసనలకి ఒళ్ళు జలదరిస్తోంది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, ఏ కల మళ్ళీ మళ్ళీ వస్తోంది, ఏ ఏ పనులు తప్పించుకు తిరుగుతున్నావు. డాక్టరు ముందు కూర్చోగానే మనం "ఏం లేదు సార్, కొంచెం టెన్షన్" అనేసి లేచి వచ్చేస్తాం, అందుకే కాగితం. వాళ్ళు నీతో కొన్ని వారాల పాటు పద్ధతిగా మాట్లాడతారు, ఆ జ్ఞాపకం దగ్గరికి కొంచెం కొంచెంగా తీసుకెళ్ళి అది నిన్ను కరవకుండా చేస్తారు, అవసరమైతే మందులిస్తారు. ఆ మందులు చూసి భయపడకు, బీపీకి వేసుకోమూ?

మందుల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. మన చేతికి ట్రే అందుతుంది, స్టోర్ తాళం అందుతుంది. నిద్ర పట్టడం లేదని అల్ప్రాజోలం అర ముక్క వేసుకోవడం, తర్వాత ముక్క, తర్వాత రెండు, ఇలా అలవాటైన వాళ్ళు మన వృత్తిలో నాకు తెలిసి ఉన్నారు. నువ్వు ఆ పని చేస్తుంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పు, నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపేయకు కూడా, అదీ ప్రమాదమే. ఇంకొకటి, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆదివారమా అర్ధరాత్రా అని చూడకుండా అప్పుడే ఇంట్లో ఎవరికైనా చెప్పి ఆస్పత్రికి బయల్దేరు. ఉత్తరంలో నువ్వు రాయలేదు. అయినా అడగాల్సిన మాట అడగాలి.

వైద్యం మొదలయ్యేలోగా గుండె దడ వచ్చినప్పుడు ఒక చిన్న పని చెయ్. చెప్పులు తీసేసి అరికాళ్ళు నేలకి ఆనించు. నేల చల్లగా ఉందా, గరుగ్గా ఉందా చూడు. ఊపిరి పీల్చుకున్న దాని కంటే వదలడం ఎక్కువసేపు తీసుకో. కళ్ళ ముందున్న వస్తువుల పేర్లు మెల్లగా చెప్పుకో, ఉప్పు డబ్బా, అట్లకాడ, క్యాలెండరు, అలా. ఇది వైద్యం కాదు, ఆ రెండు నిమిషాలు దాటడానికి ఊతకర్ర. ఎసరు దగ్గర గంటసేపు నిలబడి భయాన్ని నేనే ఓడిస్తానని మొండికెయ్యొద్దు, దాని లెక్క డాక్టరుతో మాట్లాడి వెయ్యి.

మీ ఆయనకి ఈ పేజీ చూపించు. బాబూ, నీ భార్యకి నడుం బాగానే ఉంది. ఆమె వంట తప్పించుకోవడం లేదు, ఒక చప్పుడుని తప్పించుకుంటోంది. "అవన్నీ మర్చిపో, అయిపోయింది కదా" అనకు, మర్చిపోవడం చేతనైతే ఎప్పుడో మర్చిపోయేది. డ్యూటీ నుంచి రాగానే మొదటి అరగంట కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, మీ అమ్మ మాత్రలు ఏవీ ఆమె ముందు పెట్టకు. స్నానం చేసి కూర్చోనివ్వు. మాట్లాడితే విను, మాట్లాడకపోతే పక్కన ఉండు. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుంటే గదిలో వెలుతురు పడకుండా దుప్పటి కట్టు, పిల్లల్ని బయట ఆడించు, బంధువులెవరైనా "పగలు నిద్రేంటమ్మా" అంటే జవాబు నువ్వు చెప్పు, ఆమెతో చెప్పించకు.

ఇక మళ్ళీ అలాంటి జబ్బు వస్తే ఎలా అన్నావు. నీ భయం ఊహ కాదు. 2020 జనవరి నుంచి 2021 మే దాకా ప్రపంచం మొత్తం మీద సుమారు 1,15,000 మంది వైద్య సిబ్బంది కోవిడ్‌తో పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రాష్ట్రంలో మొదటి కేసు మన నెల్లూరులోనే బయటపడింది, 2020 మార్చిలో, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. అప్పుడు మనకి కిట్ ఎలా వేసుకోవాలో, ఎలా విప్పాలో సరిగ్గా తెలియదు, ఫోన్లో వీడియోలు చూసి ఒకరికొకరం నేర్పుకున్నాం. 2021 జనవరి 16న టీకా మొదలైనప్పుడు ముందు మనకే వేశారు, అది మనల్ని చాలా కాపాడింది. కొత్త జబ్బు వస్తే మాత్రం టీకా వచ్చేదాకా మళ్ళీ మాస్కు, చేతులు, గాలి, వీటితోనే నెట్టుకురావాలి. కాబట్టి కొన్ని సంగతులు వేళ్ళకి అలవాటై ఉండాలి.

వేసుకోవడం కంటే విప్పడం దగ్గరే మనకి అంటుకుంటుంది. వేసుకునేటప్పుడు భయంతో జాగ్రత్తగా ఉంటాం, ఆరు గంటలు చేసి బయటికొచ్చేటప్పుడు ఒళ్ళు తెలియదు, దాహం, దురద, ఎప్పుడు విసిరేద్దామా అని ఉంటుంది. అందుకే కిట్ విప్పే గదిలో, డాఫింగ్ గది అంటాం, ఎదురుగా ఒక మనిషి నిలబడి మెల్లగా పైకి చెప్తుండాలి: గ్లౌజులు తియ్, చేతులు శుభ్రం చేసుకో, సూట్ లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ దించు, చేతులు, కళ్ళజోడు వెనక నుంచి తియ్, చేతులు, గది బయటికి వచ్చాక చివర్లో మాస్కు, మళ్ళీ చేతులు. చదువుతుంటే చిన్న విషయంలా ఉంటుంది గానీ, గాగుల్స్ తీస్తూ మొహం మీద చెమట వెనక్కి తుడుచుకోబోయిన నా చేతిని ఎదురుగా ఉన్న ఆయా "సిస్టర్, చెయ్యి!" అని కేకేసి ఆపింది ఒకసారి. కన్ను దగ్గరి దాకా వెళ్ళిన చెయ్యి అది. నిలబడే మనిషి డాక్టరే కానక్కర్లేదు, చూసి కేకేసేవాళ్ళు ఎవరైనా చాలు.

ఎన్95 వేసుకున్నాక రెండు చేతులూ దాని మీద పెట్టి గట్టిగా ఊపిరి వదిలి చూడు, కళ్ళ వైపో బుగ్గల వైపో గాలి తగిలితే ముక్కు దగ్గర క్లిప్ మళ్ళీ నొక్కు. దాని కింద సర్జికల్ మాస్కు వేసుకోకు, అంచులు ముఖానికి అతుక్కోవు, రెండు మాస్కులున్నాయన్న ధైర్యమే తప్ప కాపాడేది ఏమీ ఉండదు. ఇంకో మాట, పేషెంటు దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న మనవాళ్ళు భోజనాల గదిలో మాస్కులు తీసి, కిటికీలు మూసి, ఏడుగురం ఒకే బల్ల చుట్టూ కూర్చుని గోంగూర పచ్చడి పంచుకుని తిన్నాం. మా దగ్గర ఒకరి తర్వాత ఒకరికి వచ్చింది అలాగే. కిటికీలు తెరిచి పెట్టండి, ఇద్దరిద్దరుగా దూరంగా కూర్చుని తినండి, కబుర్లు మాస్కు పెట్టుకున్నాక చెప్పుకోండి.

ఎండ సంగతి బయటి పుస్తకాల్లో దొరకదు, మనకే తెలుసు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో ఏసీలు కూడా ఆపేసిన వార్డులో, ఆ ప్లాస్టిక్ సూట్ లోపల మనుషులం ఉన్నాం. గ్లౌజు విప్పి వంచితే వేళ్ళ దగ్గర నిలిచిన చెమట ధార కట్టి కారేది. వేళ్ళు రోజంతా నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఒకసారి కిట్ వేసుకుంటే విప్పకూడదని, కిట్లు తక్కువున్నాయని, నీళ్ళు తాగడం మానేసి ఎనిమిదేసి గంటలు ఉగ్గబట్టుకున్నాం. ఎంతమందికి మూత్రంలో మంట, జ్వరం వచ్చిందో. నెలసరి రోజుల్లో చేసినవాళ్ళ బాధ చెప్పనే అక్కర్లేదు. అది త్యాగం అని అప్పుడు పొగిడారు, మనమూ నమ్మాం. అది ఏర్పాటు లేకపోవడం. కిట్‌లో నాలుగు గంటలు, మహా అయితే ఆరు, అంతకు మించి వద్దు. లోపలికి వెళ్ళేముందు ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తాగి, బాత్రూంకి వెళ్ళి వచ్చి, అప్పుడు సూట్ తొడుక్కోవాలి. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా, మాట తడబడినా ఆ క్షణమే బయటికి రావాలి, బయట ఒక మనిషి కిట్ వేసుకోవడానికి సిద్ధంగా ఉండాలి. చేతులు పగిలితే క్రీమ్ డ్యూటీ అయ్యాక రాసుకో, రబ్బరు గ్లౌజుల కింద కొబ్బరి నూనె రాస్తే గ్లౌజు బలహీనపడుతుంది.

ఇవన్నీ నీ ఒక్కదాని చేతిలో లేవని నువ్వంటావు. నిజమే. అందుకే ఇప్పుడే, జబ్బేమీ లేని రోజుల్లో, మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం రాయండి, ఒక్కదానివి కాదు, పదిమంది సంతకాలతో. ఏం అడగాలంటే: కిట్ డ్యూటీ నాలుగ్గంటలే ఉండాలి. కొత్త పిల్లని ఒంటరిగా వార్డులోకి పంపకుండా అనుభవం ఉన్న ఒకరితో జత కట్టాలి, ఆ జత పేర్లు రోస్టర్‌లోనే ఉండాలి. చావులు ఎక్కువగా చూసే వార్డులో వరసగా వారాల తరబడి పెట్టకుండా మధ్యలో ఓపీకో టీకాల గదికో మార్చాలి. ఈ జతల పద్ధతి, ఈ మార్పిడి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే చెప్పినవి, మనం కొత్తగా కోరే కోరికలేమీ కావు. సిబ్బందికి జబ్బొస్తే జీతం కోయకూడదు, కోస్తారంటే జ్వరం దాచుకుని డ్యూటీకి వచ్చేస్తారు, అప్పుడు వార్డంతా పడుకుంటుంది. పేషెంటు పోయినప్పుడు ఇంటివాళ్ళకి చెప్పే పని ఎవరిదో ముందే తేల్చాలి. నాలుగు మరణాలు చూసిన రాత్రి ఆ నాలుగు ఫోన్లూ కూడా నువ్వే చేశావా? రాయలేదు గానీ చేసే ఉంటావు, అన్నిచోట్లా అలాగే జరిగింది.

చావులు జరిగిన రోజు డ్యూటీ దిగేముందు ఐదు నిమిషాలు అందరూ ఒకచోట కూర్చునే అలవాటు పెట్టుకోండి. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, ఊరకుండేవాళ్ళు ఊరకుంటారు. అయితే ఎవరినీ బలవంతంగా మాట్లాడించొద్దు. ఏం చూశావో మొత్తం చెప్పమని ఒక్క విడతలో తవ్వించడం మేలు చేయదని పరిశోధనల్లోనూ తేలింది. టీ ఇచ్చి పక్కన కూర్చోవడం, ఇంటికి ఎవరు దింపుతారో చూడటం, మర్నాడు "నిద్ర పట్టిందా" అని అడగడం, ఇవి చాలు మొదటి రోజులకి. నెల దాటినా మనిషి తేరుకోకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలి.

బీమా మాట కూడా కాగితం మీద ఉండాలి. కోవిడ్‌లో కేంద్రం వైద్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటించింది. ప్రైవేటు వాళ్ళ విషయంలో ప్రభుత్వం కోవిడ్ పనికి తీసుకున్న సిబ్బందికి అని రాశారు. మరి నిన్ను ఆ పనికి వేశారనడానికి నీ చేతిలో ఏముంది? డ్యూటీ వేసినప్పుడు ఆర్డర్ కాపీ అడిగి తీసుకో, రోస్టర్ ఫోటో తీసి పెట్టుకో. వాట్సాప్‌లో "రేపటి నుంచి ఐసొలేషన్ వార్డు" అన్న మెసేజ్ అయినా సరే, చెరిపేయకు.

ఇంటి ఓనరు సంగతి. 2020 ఏప్రిల్లో నెల్లూరుకు చెందిన ఎముకల డాక్టరు ఒకాయన చెన్నైలో కోవిడ్‌తో పోతే అక్కడ దహనం చేయనివ్వకుండా జనం అడ్డుపడ్డారు, నీకు గుర్తుండే ఉంటుంది, మన వార్డుల్లో ఆ రోజు ఎవరం అన్నం తినలేదు. ఆ నెల 22న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, సెప్టెంబరులో అది చట్టమైంది. మహమ్మారి సమయంలో వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకోవడమే కాదు, వాళ్ళు పని చేసుకోనివ్వకుండా ఉండనివ్వకుండా వేధించడం కూడా దాని ప్రకారం నేరమే, బెయిలు హక్కుగా దొరకని నేరం. 3 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. గాయం తీవ్రమైతే 7 ఏళ్ళ దాకా. మన రాష్ట్రంలో ఆస్పత్రుల మీద దాడులకి 2008 నుంచే వేరే చట్టం ఉంది. మళ్ళీ అలాంటి రోజే వచ్చి ఓనరు సామాన్లు బయట పెడతానంటే గొడవ పడకుండా మాటలు ఫోన్లో రికార్డు చేసి, ఆస్పత్రి లెటర్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళు, ఒక్కదానివే వెళ్ళకు. కేసు దాకా పోవడం ఇష్టం లేకపోయినా చట్టం ఉందని తెలిస్తే ఓనరు గొంతు తగ్గుతుంది.

పిల్లల గురించి ఎక్కువ చెప్పను, నీకు తెలిసినవే. ఆస్పత్రి బట్టలు ఆస్పత్రిలోనే మార్చుకో, రాగానే స్నానం, ఫోన్ తుడువు, జబ్బు కొత్తదై ఎలా పాకుతుందో తెలియని రోజుల్లో వేరే గది, కిటికీలు తెరిచి. కానీ పిల్లలకి నిజం చెప్పు. అమ్మ ఎందుకు దగ్గరికి రానివ్వడం లేదో తెలియక వాళ్ళు పడే బాధ, తెలిసి పడే బాధ కంటే పెద్దది.

మానేస్తే పారిపోయినట్టా అని అడిగావు. కాదు. పన్నెండేళ్ళు చేశావు, అందులో రెండేళ్ళు అలాంటివి, ఎవరికీ నువ్వు బాకీ లేవు. అయితే ఇప్పుడు, నిద్ర లేకుండా, బాత్రూంలో కూర్చుని వచ్చిన అవమానంలో ఆ నిర్ణయం తీసుకోవద్దని మాత్రం అడుగుతా. ముందు వైద్యం చేయించుకో, మూడు నాలుగు నెలలు చూడు. అప్పుడు కూడా మనసు మానేయమంటే మానేయ్, నేనే వచ్చి నీ రిజైన్ లెటర్ రాసిపెడతా. లేదా వార్డు మానేసి వృత్తిలో ఉండు, టీకాలు, ఓపీ, నర్సింగ్ స్కూల్లో పాఠాలు, వీటికి మాత్రం నర్సులు అక్కర్లేదా. డాఫింగ్ గదిలో ఎదురుగా నిలబడి కేకేసే మనిషి కావాలన్నాను చూడు, ఆ పనికి రెండేళ్ళు చేసిన నీకంటే ఎవరు సరిపోతారు?

ఇక ఆ కొత్త పిల్లలు చూశారని నువ్వు కుంచించుకుపోతున్నావు. చూడనీ. వాళ్ళలో నిన్ను చూసి కంగారుగా మొహం పెట్టిన పిల్ల ఒకతి ఉండే ఉంటుంది, ఆ పిల్లని టీకి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పు, "2021లో ఇలా జరిగింది, అందుకే నాకు అలా అయింది" అని. వైద్యం కొంచెం ముందుకి సాగి డాక్టరు సరేనన్నాక, పేషెంట్లు ఎవరూ లేని ఖాళీ గదిలో, తలుపు తీసే ఉంచి, ఆ పిల్లని తోడు తీసుకుని సూట్ ఒకసారి తొడుక్కో. మొదటి రోజు నడుం దాకా చాలు, విప్పేసి వచ్చేయ్. ఇంకో రోజు ఛాతీ దాకా. మెడ దాకా వెళ్ళే రోజున జిప్ నువ్వు లాగకు. చేతులు కిందికి వదిలేసి నిలబడు, ఆ పిల్లని లాగమను.